అక్కడ నిలబడ్డది ఎవరండి?

"చాదస్తం మాస్టారు పోయార్ట, తెలుసా?"

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున ఫోన్ ఎత్తగానే వినపడిన మాట ఇది. ఫోన్ చేసినావిడ ఒకప్పుడు రాజమండ్రి డయాగ్నోస్టిక్ సెంటర్లో నా పక్క కుర్చీలో పనిచేసిన మనిషి. మాస్టారు స్నానానికని లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, పెరటి గుమ్మం దగ్గరే కూలబడిపోయారట. ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదట. ఇంతవరకూ చెప్పి ఆవిడ, "పాపం మంచాయనే. కానీ ఆ ప్రశ్నలతో ప్రాణం తీసేసేవారు కదే!" అని నవ్వింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ పెట్టేశాను. ఆ మంట చల్లారాక నాలుగు మాటలు రాద్దామని ఇన్నాళ్ళూ ఆగి చూశాను. అది చల్లారే రకం కాదని అర్థమైంది. పోయినవాళ్ళ గురించి నెమ్మదిగా రాయాలని నాకూ తెలుసు. చదివేవాళ్ళు మన్నించాలి, నావల్ల కావడం లేదు.

మాస్టారు నాకు టైపు నేర్పిన గురువు. ఇన్నీసుపేటలో ఒక మేడ మీద గదిలో ఆయన టైప్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. పన్నెండు మిషన్లు, ఒకే ఒక్క ఫ్యాను. ఆ ఫ్యాను గాలి మాకు వదిలేసి, ఆయన గుమ్మం పక్కన చెమటలు కక్కుతూ నిలబడేవారు. పొట్టిచేతుల తెల్ల చొక్కా, జేబులో ఒక ఎర్ర పెన్ను, ఒక నల్ల పెన్ను. పేజీ అయిపోగానే మిషన్లోంచి కాగితం లాగనిచ్చేవారు కాదు. "ముందు చేతులు ఒళ్ళో పెట్టుకో. ఇప్పుడు చదువు" అనేవారు. చేతులు మీటల మీద ఉన్నంతసేపూ కళ్ళు చదవవట, పరిగెడతాయట. టైపు లోయర్ పరీక్షలో టైము ఇంకా మిగిలి ఉండగానే మేమంతా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, పర్యవేక్షణకి వచ్చినాయన కంగారుపడి, "ఏంటమ్మా, మిషన్లు గానీ పాడయ్యాయా?" అని అడిగాడు. మాలో ఎవరూ తప్పలేదు.

తర్వాత కంప్యూటర్లు వచ్చి టైపు మిషన్లకి గిరాకీ పోయింది. నలభై ఎనిమిదేళ్ళ వయసులో ఆయన ఇన్‌స్టిట్యూట్ మూసేసి, యూనిక్స్ పుస్తకం జిరాక్సు కాపీ ముందు పెట్టుకుని, ఒకటో తరగతి పిల్లాడిలా మొదట్నుంచీ దిద్దుకున్నారు. డయాగ్నోస్టిక్ సెంటర్లో కంప్యూటరు చూసుకునే ఉద్యోగంలో చేరారు. ఏడాది తిరక్కుండా నన్నూ అక్కడ ఆపరేటరుగా పెట్టించారు. ఆ ఉద్యోగం ఆయన పెట్టిన భిక్ష. ఆ భిక్షతో నేనేం చేశానో చెప్పడానికే ఇదంతా.

మా పని రిపోర్టులు ప్రింటు తియ్యడం, ఫ్యాక్సు చెయ్యడం. ఇప్పటిలాగా తెర మీద బొమ్మలూ బటన్లూ ఉండేవి కావు. నల్లటి తెర, దాని మీద అక్షరాలు, అంతే. మాస్టారు ఆ పనులకి స్క్రిప్టులు రాశారు. స్క్రిప్టు అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఊరెళ్ళేటప్పుడు పనివాళ్ళకి అప్పగింతలు పెడతాం చూడండి, అలాంటిది. ముందు ఇది చెయ్యి, తర్వాత ఫలానాది అడుగు, జవాబు వచ్చాకే పంపు. ఆ అడిగే చోట "రీడ్" అని ఒక మాట రాస్తారు. అక్కడికొచ్చేసరికి కంప్యూటరు ఆగిపోయి, మనిషి ఏం చెప్తాడా అని చూస్తూ కూర్చుంటుంది. మాస్టారికి ఆ ఆగడం అంటే ప్రాణం.

ప్రశ్నలన్నీ తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి. ప్రతిదాని చివరా "అండి" ఉండేది. ఎవరి రిపోర్టండి? ఎన్ని కాపీలండి? ఏ నంబరుకండి? తప్పు కొడితే "మళ్ళీ ఒకసారి చెప్పండి" అనేది. వరసగా మూడుసార్లు తప్పు కొడితే "కాస్త మంచినీళ్ళు తాగి రండి" అనేది. కొత్తగా చేరినవాళ్ళు బుద్ధిగా లేచి వెళ్ళి నిజంగానే తాగొచ్చేవారు. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. ఆయనకి "చాదస్తం మాస్టారు" అన్న పేరు పెట్టింది ఆ నవ్వుల్లోనే. పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మొదట్లో ఆయనా అందరిలాగే రాశారు. ప్రింటు తీసే ముందు "కాగితం సరిగ్గా ఉందాండి? వై కొట్టండి, లేదా ఎన్ కొట్టండి" అని అడిగేది. మేం వై కొట్టేవాళ్ళం. కాగితం ఉన్నా వై, లేకపోయినా వై. ఒకరోజు సాయంత్రం కాగితం లేక, ముప్ఫై రిపోర్టులు ప్రింటరు రబ్బరు రోలరు మీదే అచ్చయ్యాయి. ఓనరుగారు అంతెత్తున లేచారు. మాస్టారు మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. దూది స్పిరిట్‌లో ముంచి రోలరు తుడుస్తూ అన్నారు:

"తప్పు నాదేనమ్మా. అవునా కాదా అని అడిగాను. మన గోదారోళ్ళం ఎవరినైనా కాదనగలమా? భోంచేశారా అంటే తినకపోయినా అయిందండి అంటాం. బాగున్నారా అంటే జ్వరంతో మూలుగుతూ కూడా బాగున్నామండి అంటాం. మర్యాదగా అడిగేసరికి మన చెయ్యి దానంతటదే అవుననేస్తుంది. అలా అడక్కూడదు. ఎవరు, ఏది, ఎన్ని అని అడగాలి. అప్పుడు గానీ మనిషి తల తిప్పి చూడడు."

మర్నాటి నుంచి ప్రశ్న మారిపోయింది. "ప్రింటరు మీద ఏ రంగు దీపం వెలుగుతోందండి?" తల తిప్పి చూస్తే గానీ పని జరిగేది కాదు. ఇంకెక్కడో ఉద్యోగం చేసొచ్చిన ఒకాయన, జవాబు ముందే రాసిపెట్టి ఉంచితే ఎంటర్ కొట్టుకుంటూ పోతారు కదా అని సలహా ఇస్తే, మాస్టారు నవ్వారు. "జవాబు ముందే పెట్టి అడిగితే అది ప్రశ్న ఎలా అవుతుందండీ? పెళ్ళిచూపుల్లో పదిమంది ముందూ అమ్మాయి నచ్చిందా అని అడిగినట్టు ఉంటుంది" అన్నారు.

ఇక ఫ్యాక్సు సంగతి. ఆ రోజుల్లో చుట్టుపక్కల పల్లెల్లో ఆర్‌ఎంపీ డాక్టర్లు రోగుల నమూనాలు బస్సు మీద పంపించేవారు. రిపోర్టు ఫ్యాక్సులో వెళ్ళేది. అయితే ఫ్యాక్సు మిషను డాక్టరు దగ్గర ఉండేది కాదు, ఎస్టీడీ బూతులో ఉండేది. కాగితం వచ్చి కిందపడితే ఎవరికి దొరికితే వాళ్ళు చదువుకోవచ్చు. ఒకసారి మాస్టారు ఏదో పెళ్ళికి వెళ్ళి బస్టాండులో వేరుశనక్కాయలు కొనుక్కుంటే, పొట్లం మా సెంటరు రిపోర్టే. ఎవరిదో పేరు, వయసు, మూత్ర పరీక్ష, అన్నీ ఉన్నాయి. ఆయన శనక్కాయలు పారబోసి కాగితం జేబులో పెట్టుకొచ్చారు. ఆ సోమవారం ఫ్యాక్సు స్క్రిప్టులో కొత్త ప్రశ్న వచ్చింది.

"అక్కడ మిషను దగ్గర నిలబడ్డది ఎవరండి?"

దీనికి పేరు కొట్టాలి. పేరు కొట్టాలంటే ముందు బూతుకి ఫోన్ చెయ్యాలి. డాక్టరునో, ఆ రోగి తాలూకు మనుషులనో పిలిపించి, వాళ్ళు వచ్చి నిలబడ్డాక పేరడిగి, అప్పుడు టైపు చెయ్యాలి. దాని తర్వాత ఇంకో ప్రశ్న: "పంపుతున్నది ఎవరండి?" అక్కడ మా పేరు కొట్టాలి. ఇటు ఒక మనిషి, అటు ఒక మనిషి ఉంటే తప్ప కాగితం కదిలేది కాదు.

ఓనరుగారికి ఇది కంట్లో నలుసైపోయింది. ఒక్క ఫ్యాక్సుకి పావుగంట పడుతోందని ఆయన గోల. "మాస్టారూ, కంప్యూటర్ కొన్నది మనం దానికి పని చెప్పడానికండి. అది మనల్ని కూర్చోబెట్టి ఇంటర్వ్యూ చెయ్యడానికి కాదు" అన్నారు ఒకరోజు అందరి ముందూ. మాస్టారు, "అడిగేది కంప్యూటర్ కాదండి. అక్కడ రిపోర్టు కోసం చూసే మనిషి అడుగుతున్నారనుకోండి" అన్నారు. తీసెయ్యమంటే తియ్యనన్నారు. ఆయన కాదనడం నేను చూసింది అదొక్కసారే.

ఆ ఏడు శివరాత్రికి మాస్టారు భార్యని తీసుకుని పట్టిసీమ వెళ్ళారు. మూడు రోజులు సెలవు. మొదటి రోజే ఓనరుగారు నా కుర్చీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

"నువ్వు కూడా నేర్చుకున్నావ్ గదమ్మా ఇదంతా. ఆ ప్రశ్న తీసెయ్యడం వచ్చా, రాదా?"

చూశారా, అవునా కాదా అన్న ప్రశ్న. "వచ్చండి" అన్నాను.

భయపడి అన్నానని చెప్పుకుంటే నాకు కాస్త గౌరవంగా ఉంటుంది. అది అబద్ధం. గర్వంతో అన్నాను. ఇంతమందిలో నాకే వచ్చని ఓనరుగారు అనుకోవాలని అన్నాను. ఆ ప్రశ్న నాలుగు లైన్లు ఉండేది. లైను మొదట ఒక హ్యాష్ గుర్తు పెడితే కంప్యూటరు ఆ లైను లేనట్టే దాటేస్తుంది. నాలుగు లైన్లకి నాలుగు గుర్తులు పెట్టాను. నిమిషం పట్టలేదు. ఆ పని నాకు నేర్పింది కూడా మాస్టారే.

ఆ మర్నాడు మండపేట దాటాక ఉన్న ఒక ఊరికి రిపోర్టు వెళ్ళాలి. ఊరి పేరు రాయను. అక్కడ రైసుమిల్లు ఎదురుగా పాకలో టిఫిన్లు అమ్ముకునే ఆవిడది. నెలరోజులుగా దగ్గు వదలకపోతే ఆర్‌ఎంపీ డాక్టరు కళ్ళె పరీక్షకి పంపాడు. రిపోర్టులో మొదటి లైను టీబీ పరీక్ష. రెండో లైను, అనుమానంగా ఉంది, మరోసారి నమూనా పంపాలి. నేను నంబరు కొట్టాను, నా పేరు కొట్టాను, ఎంటర్ కొట్టాను. అక్కడ నిలబడ్డది ఎవరని నన్ను ఎవరూ అడగలేదు. కాగితం వెళ్ళిపోయింది. నేను టీ తాగడానికి వెళ్ళాను.

అక్కడ డాక్టరు మోపెడ్ వేసుకుని పక్కూరు వెళ్ళి ఉన్నాడట. బూతాయన, డాక్టరొస్తే కనపడుతుందని, కాగితాన్ని టెలిఫోను పక్కన మేకుకి గుచ్చాడట. ఫోన్ చేసుకోడానికి వచ్చిన ప్రతివాడూ మొదటి లైను చదివాడు. రెండో లైను ఒక్కడూ చదవలేదు. మర్నాడు పొద్దున మిల్లు కూలీలు ఆ పాక ముందు నుంచే నడిచి వెళ్ళారు గానీ ఎవరూ లోపలికి రాలేదు.

మాస్టారు సోమవారం వచ్చారు. ప్రసాదం అందరికీ పంచి, చేతులు కడుక్కుని, కంప్యూటరు ముందు కూర్చున్నారు. మొదటి ఫ్యాక్సుకే ప్రశ్న లేదని తెలిసిపోయింది. స్క్రిప్టు తెరిచి నాలుగు గుర్తులూ చూశారు. తర్వాత నా వైపు చూశారు. ఆ సెంటర్లో గుర్తు పెట్టడం తెలిసినవాళ్ళం ఆయనా, నేనూ, అంతే. అందర్నీ అన్నీ అడిగే మనిషి నన్ను ఒక్క మాట అడగలేదు. నాలుగు గుర్తులూ ఒక్కొక్కటే తీసేసి పనిలో పడ్డారు. ఆ అడక్కపోవడానికి నాకు ఇవాళ్టికీ ఆయన మీద కోపం. అడిగి ఉంటే చెప్పేదాన్నని నా నమ్మకం. అది కూడా ఎంతవరకు నిజమో తెలియదు.

బుధవారం ఆ టిఫిన్లావిడ వచ్చింది. ముదురాకుపచ్చ నేత చీర, చేతిలో పాలిథిన్ కవరు, కవర్లో ఆ కాగితం. కౌంటరు ముందు నిలబడి ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా అడిగింది.

"ఇది పంపినోరు ఎవరండి? గొడవెట్టుకోడానికి రాలేదండి. ఓసారి మొకం చూసి పోదామని వచ్చానండి. నాలుగ్రోజుల్నించీ పిండి పులిసిపోతందండి. ఒక్కడు పళ్ళెం ముట్టుకోట్లేదండి."

ఎవరు అని అడిగింది. అవునా కాదా అని అడగలేదు. దానికి ఒకే జవాబు ఉంది, ఆ జవాబు ఆవిడకి మూడడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని ఉంది. నేను తల కీబోర్డు మీదికి వంచుకున్నాను.

ఓనరుగారు గది గుమ్మంలోంచి వేలు చూపించారు. "కంప్యూటర్ సంగతులన్నీ ఆయనవేనమ్మా. అదంతా ఆయన రాసిందే."

మాస్టారు లేచి నిలబడ్డారు. చేతులు జోడించారు. "నేనేనమ్మా. అడగాల్సిన మాట అడక్కుండా పంపించేశాను" అన్నారు.

ఆ సాయంత్రమే ఆయన్ని రేపట్నుంచి రావద్దన్నారు. ఆయన సొరుగులోంచి ఎర్ర పెన్ను, నల్ల పెన్ను, జిరాక్సు పుస్తకం తీసుకున్నారు. "వెళ్ళొస్తానమ్మా" అని నాకు చెప్పి మెట్లు దిగారు. అర్ధగంట తర్వాత ఓనరుగారు వచ్చి ఆ నాలుగు గుర్తులూ మళ్ళీ పెట్టమన్నారు. పెట్టాను. మొదటిసారి తెలియక చేశానని అనుకుందామన్నా, ఆ రెండోసారి నన్ను వదలదు. ఇంకో రెండేళ్ళు ఆ కుర్చీలోనే పనిచేశాను, జీతం తీసుకున్నాను, దసరాకి కంప్యూటరుకి కుంకం బొట్టు కూడా పెట్టాను.

మాస్టారు కోటిపల్లి బస్టాండు దగ్గర సందులో చిన్న కొట్టు పెట్టుకున్నారు. జిరాక్సు, టైపింగు, ఫ్యాక్సు. తర్వాత నేను ఒక స్కూలు ఆఫీసులో చేరాను. ఆ కొట్టు ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే అవతలి వైపు నుంచి నడిచేదాన్ని. నిరుడు ఒకరోజు మాత్రం బస్టాండు గేటు దగ్గర ఎదురుపడిపోయారు. బాగా చిక్కిపోయి ఉన్నారు. ఏం మాట్లాడాలో తోచక, "బాగున్నారా మాస్టారూ?" అన్నాను.

"బాగున్నానమ్మా" అన్నారు. వెంటనే నవ్వేశారు. "చూశావా, నువ్వూ అలాగే అడిగావ్."

నేను ఆ మాట సరదాకి తీసుకుని నవ్వేసి బస్సెక్కేశాను. అప్పటికే ఆయనకి గుండెలో నొప్పి మొదలై మూడు నెలలైందని మొన్న వాళ్ళావిడ చెప్పారు. ఎక్కడ నొప్పి అని అడిగి ఉంటే చెప్పేవారేమో.

అంత్యక్రియల రోజున ఇంటి ముందు టెంటు కింద, ఓ మూల నేల మీద ఆవిడ కూర్చుని ఉంది. టిఫిన్లావిడ. నేను గుర్తుపట్టాను, ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. మాస్టారి భార్య నన్ను పిలిచి ఆవిడ పక్కన కూర్చోబెట్టారు. నేనేం అడక్కుండానే చెప్పుకొచ్చింది.

"ఆ గొడవ జరిగిన వారమే, ఆదివారం ఫస్ట్ బస్సుకే దిగిపోయారండి. మిల్లోళ్ళందరూ రోడ్డు మీద నిలబడి చూస్తన్నారండి. బల్ల మజ్జన కూకుని, రెండు పెసరట్లు, అల్లప్పచ్చడి ఎక్కువేసి పెట్టమ్మా అన్నారండి. పచ్చడి గిన్ని కూడా నాకినంత పని చేశారండి. ఆయ్. అలాగ నాలుగు నెలలు, ప్రతి ఆదివారం వచ్చారండి. రెండోసారి పంపిన పరీచ్చలో ఏం లేదని వచ్చిందండి, పొయ్యి పొగకి దగ్గంట. ఆ కాయితం చూపించినా ఎవడూ నమ్మలేదండి. ఈయన తింటా ఉంటే చూసి నమ్మారండి. ఓ వారం ఒకడొచ్చి కూకున్నాడండి, పై వారం ముగ్గురండి."

మాస్టారి భార్య కళ్ళు తుడుచుకుంటూ అన్నారు: "ఆయనకి అల్లం గిట్టదమ్మా. ఆదివారం ఇంటికొచ్చి కడుపు పట్టుకుని పడుకునేవారు. ఎక్కడికెళ్ళారంటే చెప్పేవారు కాదు."

టిఫిన్లావిడ, "తప్పు చేసినోళ్ళు శానామంది ఉంటారండి. వచ్చి తిన్నోరు ఈయనొక్కరేనండి" అంది. ఇంకా ఆయనే చేశారనుకుంటోంది. తర్వాత నా వైపు తిరిగి, "తమరెవరండి?" అంది.

"ఆయన దగ్గర టైపు నేర్చుకున్నానండి" అన్నాను.

పదకొండో రోజు తర్వాత సంతాప సభ పెట్టారు. బట్ట బ్యానరు, దండ వేసిన ఫోటో, మైకు. ఓనరుగారు కారు దిగి వచ్చి అందరికంటే ఎక్కువసేపు మాట్లాడారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అన్నారా! రాజమండ్రికి కంప్యూటర్ మాస్టారే తెచ్చినట్టు చెప్పారు. "మధ్యలో వారి వల్ల ఒక చిన్న పొరపాటు జరిగినా, మేం వారిని సొంత మనిషిలాగే చూసుకున్నాం" అన్నారు. జనం తలలూపారు. నా పేరు పిలిచి, రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. నేను లేచి నిలబడి, మైకు దాకా వెళ్ళకుండా బయటికి వచ్చేశాను.  నాకొచ్చిన కోపంలో సగమే ఓనరుగారి మీద. మిగతా సగం, ఆయన వేలు చూపిస్తుంటే కూర్చుని చూసినదాని మీద.

మాస్టారి భార్య రెండ్రోజుల తర్వాత కొట్టు తాళంచెవి నాకిచ్చారు. "ఆ మిషన్లు ఏం చెయ్యాలో నువ్వే చూడమ్మా. నాకేం తెలుసు" అన్నారు. ఆదివారం పొద్దున్నే వెళ్ళి తలుపు తీశాను. బల్ల మీద కీబోర్డుకి ఆయన పాత తువ్వాలు కప్పి ఉంది. కంప్యూటరు పెట్టగానే అదే నల్ల తెర వచ్చింది. అందులో మాస్టారు తెలుగు అక్షరాలు కూడా పెట్టుకున్నారు; ఒక పేజీ టైపు చేశాను. ఇప్పుడు మీరు చదువుతున్నదే, కుదించి. చివర్లో, ఆ రోజు పంపింది నేనే, ఆ ప్రశ్న తీసేసింది కూడా నేనే, ఆయన కాదు, అని తెలుగులో, పెద్ద అక్షరాల్లో.

ఫ్యాక్సు స్క్రిప్టు మొదలుపెట్టాను. ఎవరికండి అంది. చెప్పాను. ఏ నంబరుకండి అంది. ఆ బూతు ఇంకా అక్కడే ఉంది, దాని నంబరు నాకు చూడకుండా వచ్చు. తర్వాత అడిగింది: "అక్కడ మిషను దగ్గర నిలబడ్డది ఎవరండి?"

జవాబు కోసం అది ఆగి కూర్చుంది. నేను బూతుకి ఫోన్ చేశాను. మిల్లు ఎదురుగా టిఫిన్లావిడని పిలవమన్నాను. చాలాసేపు పట్టింది. ఆదివారం, టిఫిన్ల వేళ. చివరికి రొప్పుతూ వచ్చింది.

"అమ్మా, మీకొక కాగితం పంపిస్తున్నాను. బూతాయనతో పైకి చదివించుకోండి. పదిమందీ వినేలా చదవమనండి."

 ఆవిడ బాగా చిన్న గొంతుతో అడిగింది. "మళ్ళీ నా గురించాండి?"

"కాదండి. నా గురించి."

ఫోన్ పెట్టేసి ఆవిడ పేరు టైపు చేశాను. ఆ పేరు ఇంతకుముందొకసారి కూడా ఈ వేళ్ళతోనే కొట్టాను. "పంపుతున్నది ఎవరండి?" అంది. ఇంటిపేరుతో సహా నా పేరు కొట్టాను. అప్పుడు తెర మీద ఆ పాత స్క్రిప్టులో లేని లైను ఒకటి వచ్చింది. ఈ కొట్లోకి వచ్చాక రాసుకుని ఉంటారు. "చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకసారి చదవండి."

పెట్టుకున్నాను. చదివాను. రెండో లైను కూడా చదివాను. అప్పుడు ఎంటర్ కొట్టాను.

మోడెం కాసేపు కీచుమని ఊరుకుంది. పది నిమిషాలు ఆగి మళ్ళీ బూతుకి ఫోన్ చేశాను. అందిందాండి అని అడగబోయి నాలుక కరుచుకుని, "ఏం వచ్చిందండి?" అన్నాను.

"ఉండండి, చదువుతున్నాడండి" అంది ఆవిడ, రిసీవరు పెట్టెయ్యకుండా.

పళ్ళేలతోనే ఆవిడ వెంట వచ్చినవాళ్ళ చప్పుడు, ఎవరో దగ్గడం, ఎవరో "ఉష్, వినండ్రా" అనడం వినపడింది. వాటి వెనక బూతాయన, కొత్తగా చదువు నేర్చినవాడిలా, నా పేరు ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటున్నాడు.